గాంధీగారి పొలంబడి: మన ఇంటికి పనికొచ్చేదెంత?

పిల్లవాణ్ని పొలానికి తీసుకెళితే చదువు పాడవుతుందని భయం. పూర్తిగా చదువులోకే తోస్తే రేపు పొలం గట్టు కూడా ఎక్కడని బెంగ. రెండెకరాలు, మూడెకరాలు ఉన్న ప్రతి ఇంట్లోనూ ఈ మాట ఏదో ఒక పూట వస్తూనే ఉంటుంది. మీ ఇంట్లోనూ వచ్చే ఉంటుంది. ఎకరం అమ్మి చదివించిన కొడుక్కి ఉద్యోగం రాక, ఇంటికొచ్చి సేద్యం చేతకాక మధ్యలో నిలిచిపోయిన సంగతులు ఊరికొకటైనా ఉన్నాయి. చిన్నప్పుడే బడి మాన్పించి పనిలో పెడితే, పెద్దయ్యాక కాగితం చదవలేక అప్పు పత్రం మీద వేలిముద్ర వేసి మోసపోయిన సంగతులూ ఉన్నాయి.

మరి చదువూ సేద్యమూ ఒకే కప్పు కింద సాగే వీలుందా? నూరేళ్లకు ముందే ఒకాయన ఈ ప్రశ్న వేసుకుని, తన సొంత పిల్లలతోనే పరీక్షించి చూశాడు. ఆయన మరెవరో కాదు, గాంధీజీయే. బారిష్టరుగా, సత్యాగ్రహిగా ఆయన అందరికీ తెలుసు. దక్షిణాఫ్రికాలో ఉన్న రోజుల్లో ఇంట్లో పిల్లలకు పంతులుగా, పొలంలో పార పట్టిన మనిషిగా ఆయన ఏం చేశారో తెలిసినవాళ్లు తక్కువ. ఆ ప్రయత్నంలో గెలుపు ఉంది, ఓటమీ ఉంది. రెండింటినీ ఆయనే దాచుకోకుండా ఆత్మకథలో రాసుకున్నారు. చిన్న రైతుకు ఆ రెండూ పనికొచ్చేవే.

బడి ఉన్నా పంపలేదు

1897లో గాంధీజీ కుటుంబంతో సహా డర్బన్‌లో దిగారు. వెంట తొమ్మిదేళ్ల పెద్ద కొడుకు హరిలాల్, అయిదేళ్ల రెండో కొడుకు మణిలాల్, పదేళ్ల మేనల్లుడు ఉన్నారు. ఊళ్లో తెల్లవాళ్ల పిల్లలకు మంచి బడులున్నాయి. మనవాళ్ల పిల్లలకు వాటిలో చోటు లేదు. పేరున్న బారిష్టరు గనక ఆయన అడిగితే ఆ ముగ్గురికి మాత్రం దొరికేదే. తోటివాళ్ల పిల్లలకు లేనిది మా పిల్లలకూ వద్దని ఆయన పంపలేదు. మిషనరీల బడులు ఉన్నా అక్కడంతా ఇంగ్లీషులోనే చెబుతారు. అది ఆయనకు ఇష్టం లేదు.

చేసేది లేక నెలకు ఏడు పౌన్ల జీతం మీద ఒక ఇంగ్లీషు పంతులమ్మను పెట్టారు. ఆ ఏర్పాటు ఎంతో కాలం సాగలేదు. ఇంట్లో గుజరాతీలోనే మాట్లాడుతూ, తీరిక దొరికినప్పుడల్లా తనే చెప్పడం మొదలుపెట్టారు. ఆ తీరికే ఆయనకు దొరికేది కాదు.

తర్వాత కాపురం జోహాన్నెస్‌బర్గ్‌కు మారింది. ఇంటి నుంచి కచేరీకి వెళ్లి రావడం మొత్తం కలిపి అయిదు మైళ్ల దాకా ఉండేది. గాంధీజీ నడిచే వెళ్లేవారు, పిల్లల్నీ వెంట నడిపించేవారు. దారి పొడుగునా మాటల్లోనే పాఠం. పెద్దవాడు హరిలాల్ అప్పుడు ఇండియాలో ఉన్నాడు. మిగతా పిల్లలంతా ఆ దారి మీదే చదువుకున్నారని చెప్పాలి. ఇంట్లో ఏడు పౌన్లు పెట్టి ఇనప తిరగలి కొన్నారు. చక్రం బరువు, ఒక్కరివల్ల తిరగదు, ఇద్దరు పట్టాలి. గాంధీజీ, ఆయన మిత్రుడు పోలక్, పిల్లలు కలిసి గోధుమలు విసిరేవాళ్లు. బారిష్టరు ఇంట్లో రొట్టెకు పిండి అలా తయారయ్యేది.

ఫీనిక్స్‌లో మూడెకరాల చెక్క

1904లో జోహాన్నెస్‌బర్గ్ నుంచి డర్బన్‌కు రైల్లో పోతూ గాంధీజీ రస్కిన్ రాసిన చిన్న పుస్తకం ఒకటి చదివారు. లాయరు పనికీ మంగలి పనికీ విలువ ఒకటేననీ, నేల దున్నేవాడి బతుకూ చేతిపనివాడి బతుకూ నిజంగా బతకదగ్గ బతుకులనీ ఆయనకు అందులో బోధపడింది. పుస్తకం మూసి ఊరుకోలేదు. డర్బన్‌కు పద్నాలుగు మైళ్ల దూరంలో, ఫీనిక్స్ స్టేషన్ దగ్గర ముందు ఇరవై ఎకరాలు కొన్నారు. అందులో ఒక ఊట, కొన్ని నారింజ, మామిడి చెట్లు ఉన్నాయి. దాన్నానుకునే ఇంకో ఎనభై ఎకరాలు పండ్లచెట్లతోనూ, పాడుబడ్డ కొంపతోనూ దొరికింది. మొత్తం నూరెకరాలకు వెయ్యి పౌన్లు అయింది.

తను నడిపే ఇండియన్ ఒపీనియన్ పత్రిక అచ్చు యంత్రాన్ని అక్కడికే తరలించారు. ఉండవచ్చిన వాళ్లకు తలా మూడెకరాల చెక్క పంచారు. కూలివాడైనా, పత్రిక రాసేవాడైనా నెలకు మూడు పౌన్లే. పత్రిక పనీ సేద్యమూ రెండూ చేసుకోవాలి. మన రైతుల ఇళ్లలాగా మట్టిగోడలూ గడ్డికప్పూ వేసుకుందామనుకున్నారు గానీ అక్కడ అదే ఖర్చు ఎక్కువై, రేకుల ఇళ్లు వేసుకున్నారు.

పంటలు విరగపండాయనీ, అందరూ గొప్ప సేద్యగాళ్లయ్యారనీ చెప్పడానికి లేదు. అయితే పిల్లలు అచ్చుపని నేర్చారు, మట్టిపని నేర్చారు. పెద్దలు ఏం పని చేసి తింటున్నారో కళ్లారా చూస్తూ పెరిగారు. తండ్రి ఏం చేస్తాడో తెలియకుండానే పట్నాల్లో పిల్లలు పెరుగుతున్న ఈ కాలంలో ఇది చిన్న సంగతి కాదు.

టాల్‌స్టాయ్ క్షేత్రం ఎందుకొచ్చింది?

ట్రాన్స్‌వాల్‌లో సత్యాగ్రహం సాగుతుండగా మగవాళ్లు జైళ్లకు పోతుంటే ఇళ్ల దగ్గర ఆడవాళ్లు, పిల్లలు తిండికి ఇబ్బంది పడ్డారు. నెలనెలా ఇంటికింతని డబ్బివ్వడం ఉద్యమానికి మోయలేని భారమైంది. అందరినీ ఒక్కచోట చేర్చి, తమ తిండి తామే సంపాదించుకునే దారి కావాల్సి వచ్చింది. 1910 మే నెలలో కాలెన్‌బాక్ అనే జర్మనీ నుంచి వచ్చిన యూదు శిల్పి, ఇళ్లు కట్టించే పనిలో గట్టివాడు, పదకొండు వందల ఎకరాల పొలం కొని కౌలు లేకుండా సత్యాగ్రహులకు అప్పగించారు. జోహాన్నెస్‌బర్గ్‌కు ఇరవయ్యొక్క మైళ్ల దూరం. దాదాపు వెయ్యి పండ్లచెట్లు, రెండు బావులు, ఒక ఊట. దానికే టాల్‌స్టాయ్ క్షేత్రమని పేరు పెట్టారు.

అక్కడ ఎవరెవరున్నారో గాంధీజీ రాశారు. పడుచువాళ్లు నలభై మంది దాకా, ముసలివాళ్లు ఇద్దరు ముగ్గురు, ఆడవాళ్లు అయిదుగురు, పిల్లలు ఇరవై ముప్ఫై మంది. పిల్లల్లో ఆడపిల్లలు నలుగురైదుగురే. గుజరాత్, తమిళనాడు, ఉత్తర దేశం వాళ్లతో పాటు ఆంధ్రదేశం వాళ్లూ ఉన్నారని ఆయనే చెప్పారు. ఇందులో వింత లేదు. 1860 నవంబరులో మద్రాసు నుంచి మొదటి ఓడ డర్బన్ చేరింది మొదలు 1911 వరకు లక్షా యాభై రెండు వేల మంది దాకా మనవాళ్లు చెరకు తోటల్లో కూలికి నేటాల్ చేరారు. మన విశాఖ, గోదావరి, గంజాం వైపు నుంచి వెళ్లినవాళ్లు వాళ్లలో ఎందరో. సెంటు భూమి లేక సముద్రం దాటిన ఆ కుటుంబాల వాళ్ల పిల్లలే అక్కడి విద్యార్థులు.

రోజు ఎలా గడిచేది?

పొలంలో నౌకర్లు లేరు. వంట దగ్గర్నుంచి పాకీపని దాకా ఉన్నవాళ్లే చేసుకోవాలి. తెల్లవారింది మొదలు మధ్యాహ్నం దాకా పొలం పని, ఇంటి పని. గుంతలు తవ్వడం, చెట్లు నరకడం, బరువులు మొయ్యడం, తోటపని. పిల్లలూ అందులోనే. తాగేనీళ్లు ఇళ్లకు అయిదు వందల గజాల దూరంలో ఉన్న ఊట నుంచి కావిళ్లతో తెచ్చేవాళ్లు. నారింజలు, ఆప్రికాట్లు, ప్లమ్ములు కాసే రోజుల్లో అందరూ కడుపునిండా తిన్నా ఇంకా మిగిలేవట.

బడి మధ్యాహ్నం భోజనాల తర్వాత. అక్షరాల చదువుకు మహా అయితే మూడు పీరియడ్లు. హిందీ, తమిళం, గుజరాతీ, ఉర్దూ, కాస్త ఇంగ్లీషు, కొంచెం చరిత్ర, భూగోళం, లెక్కలు. ఎవరి భాషలో వాళ్లకు చెప్పేవాళ్లు. గాంధీజీ తమిళం కూడా చెప్పారు. ఆయనకొచ్చిన తమిళం ఓడ ప్రయాణాల్లోనూ జైల్లోనూ నేర్చుకున్న కాస్తే. పిల్లల ముందు ఆ సంగతి దాచలేదు. రానిది రాదని చెప్పేశారు. దానివల్ల పిల్లల గౌరవం తగ్గలేదట.

పొద్దున్నుంచీ పనిచేసి అన్నం తిన్నాక బల్లమీద కూర్చుంటే ఏమవుతుందో మీకు చెప్పక్కర్లేదు. పిల్లలు కునికేవాళ్లు, పంతుళ్లకూ నిద్ర ముంచుకొచ్చేది. కళ్లమీద నీళ్లు చల్లుకుని, కాసేపు ఆటలాడించి మళ్లీ కూర్చోబెట్టేవారు. ఒక్కోనాడు అదీ సాగేది కాదు. ఇది మనం గుర్తు పెట్టుకోవాల్సిన సంగతి. ఒళ్లు అలిసిన పిల్లకు అక్షరం ఎక్కదు. పత్తి తీతకు పొద్దంతా వంగిన పిల్లని రాత్రి దీపం ముందు కూర్చోబెట్టి చదవలేదని కసిరితే లాభం లేదు.

పుస్తకాలు పెద్దగా లేవు. వాటి అవసరమూ అంతగా కనిపించలేదని గాంధీజీ అన్నారు. పిల్లలు చదివి నేర్చిందానికన్నా చెవిన పడి నేర్చిందే ఎక్కువ గుర్తుంటుందని ఆయనకు తేలింది. అందుకని తను చదివి, జీర్ణించుకుని, వాళ్ల భాషలో చెప్పేవారు.

పట్నానికి సొంత పని మీద వెళితే నడిచే వెళ్లాలని ఒక నియమం పెట్టుకున్నారు. తెల్లవారుజామున రెండు గంటలకు బయల్దేరితే ఆరేడు గంటల్లో చేరేవాళ్లు. అందరికన్నా వేగంగా నడిచినవాళ్లకు పట్టింది నాలుగు గంటల పద్దెనిమిది నిమిషాలు. వెంట మూటకట్టుకున్నది పొట్టు తియ్యని గోధుమపిండి రొట్టె, ఇంట్లో నూరిన వేరుశనగ ముద్ద, తోట నారింజల మురబ్బా. రైలు ఖర్చు మిగిలింది, బయట తిండి ఖర్చు మిగిలింది.

చేతిపని కూడా చదువే. కాలెన్‌బాక్ ఒక క్రైస్తవ మఠానికి వెళ్లి చెప్పులు కుట్టడం నేర్చుకొచ్చారు. ఆయన దగ్గర గాంధీజీ నేర్చి, పిల్లలకు నేర్పారు. వడ్రంగం కాలెన్‌బాకే చెప్పేవారు.

చెత్తా బంగారమే

సేద్యం చేసేవాళ్లు ఆ క్షేత్రం నుంచి నేరుగా తెచ్చుకోదగ్గ పాఠం ఒకటుంది. అంతమంది ఉన్నా ఎక్కడా చెత్త కనిపించేది కాదు, ఈగ వాలేది కాదు. వాడిన నీళ్లు దారిలో పారబోయకూడదు, బకెట్లలో పట్టి చెట్లకు పొయ్యాలి. తిండి మిగుళ్లు, కూరగాయల తొక్కలు ఎరువుకు. మిగతా చెత్త కందకంలో పూడ్పు. మలానికి ఇళ్ల దగ్గర్లోనే అడుగున్నర లోతు గుంత తీసి, తవ్వి తీసిన మన్నుతోనే పూర్తిగా కప్పేవాళ్లు. వాసన లేదు, కొన్నాళ్లకు మంచి ఎరువు. చిన్న పార ఒక్కటుంటే ఇంత పెద్ద బెడద తప్పుతుందని ఆయన లెక్క.

మనకిప్పుడు రెండు గుంతల మరుగుదొడ్లు ఊరూరా వచ్చాయి. పద్ధతి అదే. ఒక గుంత నిండితే మూసి రెండోది వాడాలి. నిండినదాన్ని కనీసం ఏడాది పైన కదపకుండా ఉంచితే అది మన్నులా మారుతుంది, చేనుకు వేసుకోవచ్చు. పచ్చిగా ఉన్నప్పుడు మాత్రం ముట్టుకోకూడదు. గిన్నెలు కడిగిన నీళ్లు అరటి పిలకకో మునగ చెట్టుకో మళ్లించడానికి పైసా ఖర్చు లేదు. ఆ కాలవ తియ్యడం మీ పిల్లలకే అప్పజెప్పండి. వాలు ఎటుందో, నీరు ఎందుకు నిలిచిందో వాళ్లే కనుక్కుంటారు.

పంతులు చెయ్యని పని పిల్లలకు లేదు

క్షేత్రంలో ఒక కట్టుబాటు ఉండేది. పెద్దలు తాము చెయ్యని పనిని పిల్లలకు చెప్పకూడదు. పిల్లలకు ఏ పని పురమాయించినా ఒక పంతులు వాళ్ల పక్కనే నిలబడి అదే పని చెయ్యాలి. అయినా పిల్లలు పిల్లలే. కొందరు ఒంట్లో బాగాలేదని వంక పెట్టేవాళ్లు, కొందరు తప్పించుకు తిరిగేవాళ్లు. అందరూ కూడబలుక్కుని ఎగ్గొట్టిన రోజులూ ఉన్నాయని ఆయన రాశారు.

ఒకసారి ఎంత చెప్పినా వినని ఒక కుర్రవాణ్ని గాంధీజీ రూళ్లకర్రతో చేతి మీద కొట్టారు. కొడుతుంటే ఆయన చెయ్యే వణికింది. పిల్లవాడు ఏడ్చి క్షమించమన్నాడు, ఆ తర్వాత మాట విన్నాడు కూడా. అయినా తను చేసింది సరికాదనే ఆయన కడదాకా అనుకున్నారు. కొట్టింది చదువు చెప్పడానికి కాదు, తన కోపం చూపించడానికేనని ఒప్పుకున్నారు. కాడి కింద ఎద్దునే కొట్టకుండా దున్నేవాణ్ని ఊళ్లో మంచి సేద్యగాడంటారు. పిల్లల సంగతి వేరే చెప్పాలా?

లోటు ఎక్కడొచ్చింది?

ఇంతవరకు చెప్పింది వింటే, ఇక బడే అక్కర్లేదేమో, మనమూ పిల్లల్ని ఇంటి దగ్గరే పెట్టుకుందామని ఎవరికైనా అనిపించవచ్చు. ఆగండి. పెద్ద కొడుకు హరిలాల్ కథ విన్న తర్వాతే తేల్చుకోవాలి.

హరిలాల్‌కు చదువంటే ఆశ. తండ్రిలా బారిష్టరు కావాలని కోరిక. ఇండియా నుంచి తిరిగొచ్చి తండ్రి వెంట సత్యాగ్రహంలో పదేపదే జైలుకు వెళ్లాడు. ఒక మిత్రుడు ఇంగ్లండులో చదువుకు సాయం చేస్తానని ముందుకొస్తే, గాంధీజీ సొంత కొడుకును కాదని వేరేవాళ్లను పంపారు. కొడుకు మనసు విరిగింది. 1911లో తండ్రి దగ్గర్నుంచి విడిపోయి అహమ్మదాబాదు వెళ్లి, తనకన్నా చాలా చిన్నవాళ్ల పక్కన కూర్చుని మెట్రిక్యులేషను చదివాడు. పరీక్ష గట్టెక్కలేదు. ఆ తర్వాత జీవితం చితికిపోయింది, తాగుడు పట్టింది. 1948లో తండ్రి పోయిన కొన్ని నెలలకే బొంబాయిలో కన్నుమూశాడు.

అన్నిటికీ చదువు లేకపోవడమే కారణమని చెప్పలేం. అదే ఇంటి చదువుతో పెరిగిన మణిలాల్ ఫీనిక్స్‌లోనే ఉండి 1956లో చనిపోయేదాకా ఇండియన్ ఒపీనియన్ పత్రిక నడిపాడు. చిన్నవాడు దేవదాస్ హిందుస్థాన్ టైమ్స్ పత్రికకు సంపాదకుడయ్యాడు. అయితే పిల్లలందరికీ ఆ లోటు మనసులో ఉండేదని గాంధీజీయే రాశారు. ఎంఏ, బీఏ చదివినవాళ్లను, చివరికి మెట్రిక్ పాసైనవాళ్లను చూసినా బడి చదువు లేదన్న వెలితి వాళ్లకు తోచేదట. తను అనుకున్నంత సమయం వాళ్లకు ఇవ్వలేకపోయాననీ, అక్షరాల చదువు వాళ్లకు తక్కువైందనీ ఆయన ఒప్పుకున్నారు. చేసిన పద్ధతి మాత్రం తప్పనలేదు.

ఇందులో మనకు రెండు సంగతులు తెలుస్తున్నాయి. ఒకటి, బారిష్టరు చదివిన తండ్రికే ఇంట్లో చదువు చెప్పడానికి తీరిక చాలలేదు. దుక్కులు, నాట్లు, కోతలతో సతమతమయ్యే మనకు ఎంత చాలుతుంది? రెండు, బడి వద్దనుకునేది తండ్రి. కాగితం లేక రేపు ఇబ్బంది పడేది బిడ్డ. పెద్దవాళ్ల పట్టుదలకు పిల్లలు మూల్యం చెల్లించకూడదు. పిల్లవాడికి చదువు మీద ఆశ ఉంటే ముందు ఆ మాట వినాలి.

ఈ అనుభవంతోనే గాంధీజీ 1937 అక్టోబరులో వార్ధాలో విద్యావేత్తల సభ పెట్టారు. మాతృభాషలో ఏడేళ్ల ఉచిత నిర్బంధ చదువు, అదీ ఒక చేతిపని చుట్టూ అల్లిన చదువు ఉండాలని అక్కడ తేల్చారు. జాకిర్ హుసేన్ అధ్యక్షతన సంఘం వేసి పాఠక్రమం రాయించారు. నయీ తాలీం అన్నా బేసిక్ విద్య అన్నా అదే. మన పెద్దవాళ్లలో బేసిక్ స్కూల్లో రాట్నం తిప్పినవాళ్లు ఇంకా కొందరున్నారు. చూడండి, 1937 నాటికి ఆయన కూడా ఇంటి చదువు అనలేదు. బడే కావాలి, ఆ బడిలోకి పని రావాలి అన్నారు.

మన ఇళ్లలో ఏం చెయ్యొచ్చు?

బడికి పంపుతూనే, మన పొలాన్ని రెండో బడి చేసుకోవచ్చు. దీనికి మీకు పెద్ద చదువు అక్కర్లేదు. వారానికి రెండు మూడు గంటలు, ఒక నోటు పుస్తకం, ఒక టేపు, ఒక స్కేలు చాలు. ఈ కింది పనులు మీ పిల్లలతో చేయించి చూడండి.

కొలత: ఎకరానికి నూరు సెంట్లు, నలభై గుంటలు, 4,840 చదరపు గజాలు. సెంటుకు 48.4 గజాలు, గుంటకు 121 గజాలు. మీ మడి పొడవు వెడల్పులు టేపుతో కొలిపించి ఎన్ని సెంట్లో పిల్లలతో కట్టించండి. పాసుబుక్కులో ఉన్న లెక్కతో సరిచూడండి. గట్టు తగాదాల్లో ఈ లెక్క తెలిసినవాడికే బలం.

మొలక: విత్తే ముందు ఏరకుండా నూరు గింజలు లెక్కపెట్టి తడి గోనెలో చుట్టించండి. గోనె ఆరకుండా రోజూ తడపడం పిల్లల పని. మొలకలు లెక్కపెడితే అదే శాతం. ధ్రువీకరించిన వరి విత్తనంలో కనీసం 80, కందిలో 75, వేరుశనగలో 70 మొలవాలి. అంతకు తక్కువొస్తే కొట్టువాణ్ని అడగడానికి చేతిలో రుజువుంటుంది. శాతమంటే ఏమిటో బడిలో నెల రోజులు చెప్పినా ఎక్కనిది ఇక్కడ వారంలో ఎక్కుతుంది.

వాన: నిలువు గోడల డబ్బా ఒకటి ఆరుబయట పెట్టించండి. వాన వెలియగానే లోపలి నీటి లోతు స్కేలుతో మిల్లీమీటర్లలో కొలిచి రాయించండి. ఒక మిల్లీమీటరు వానంటే ఎకరానికి సుమారు 4,047 లీటర్ల నీరు. 25 మిల్లీమీటర్లు కురిస్తే లక్ష లీటర్ల పైమాటే. అందులో ఎంత మీ గట్టు దాటి పోయిందో తండ్రీ పిల్లలూ కలిసి చూసి రండి. ఎక్కడ గట్టు వెయ్యాలో వాళ్లే చెబుతారు.

ఎరువు: 45 కిలోల యూరియా బస్తాలో నత్రజని 46 శాతం, అంటే 20.7 కిలోలు. 50 కిలోల డీఏపీ బస్తాలో నత్రజని 9 కిలోలు, భాస్వరం 23 కిలోలు. భూసార పరీక్ష కాగితం ఎకరానికి 40 కిలోల నత్రజని వెయ్యమందనుకోండి. ఒక డీఏపీ బస్తా వేస్తే 9 పోగా 31 మిగిలింది. 31ని 20.7తో భాగిస్తే బస్తాన్నర యూరియా. మనం అలవాటుగా ఎన్ని బస్తాలు వేస్తున్నామో పిల్లల్నే అడగమనండి. సమాధానం చెప్పడానికి మనం తడుముకోవాల్సి రావచ్చు.

వడ్డీ, తూకం: నూటికి రెండు రూపాయల వడ్డీకి ఇరవై వేలు తెస్తే నెలకు నాలుగు వందలు, పది నెలలకు నాలుగు వేలు. క్వింటాకు మూడు కిలోలు తరుగు తీస్తే నలభై క్వింటాళ్లకు 120 కిలోలు ఉత్తినే పోయినట్టు. ఈ రెండు లెక్కలు నోటికొచ్చిన పిల్లవాణ్ని ఒకసారి ధాన్యం బండితో పంపండి. కాటా దగ్గర వాడే మీకు అండ.

సేద్యం పద్దు: అన్నిటికన్నా ముఖ్యమైంది ఇది. దుక్కి కూలి, విత్తనం, మందు, డీజిలు, ఎడ్ల అద్దె, వచ్చిన దిగుబడి, అమ్మిన ధర ఏ రోజుకారోజు పిల్లలతో రాయించండి. ఇంటివాళ్ల పని రోజులు కూడా రాయించండి. అమ్మ ఎన్ని రోజులు కలుపు తీసిందో కాగితం మీద చూస్తే గానీ పిల్లలకే కాదు, మనకూ తెలియదు. ఈ పద్దు ఆడపిల్ల చేతికివ్వండి. నీళ్ల బిందె ఆమెకు, పుస్తకం మగపిల్లవాడికి అన్న పంపకం ఇకనైనా మానాలి.

హద్దు దాటొద్దు

పొలం చూపించి నేర్పడం వేరు, పిల్లల్ని కూలికి బదులు వాడుకోవడం వేరు. 2009లో వచ్చిన విద్యాహక్కు చట్టం ప్రకారం ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలకు ఉచిత, నిర్బంధ చదువు హక్కు. 2016లో సవరించిన బాలకార్మిక చట్టం ప్రకారం పద్నాలుగేళ్ల లోపు పిల్లలు సొంత ఇంటి పనిలో సాయం చెయ్యవచ్చు గానీ, అది బడి వేళల తర్వాతో సెలవుల్లోనో మాత్రమే. ప్రమాదకరమైన పనుల్లో అసలు పెట్టకూడదు. పత్తి పనికో మిరప కోతకో బడి మాన్పించడం చట్టం దృష్టిలోనూ తప్పే, ధర్మం దృష్టిలోనూ తప్పే.

పురుగుమందు కలపడం, కొట్టడం, డబ్బాలు కడగడం పిల్లలకు ఎప్పుడూ చెప్పొద్దు. మోటారు స్టార్టరు, నూర్పిడి మిషను, ట్రాక్టరు దగ్గరికీ రానివ్వొద్దు. మందు డబ్బా మీది రంగు గుర్తు మాత్రం మీ చేతిలో పట్టుకుని చూపించండి. ఎరుపు అన్నిటికన్నా ప్రాణాంతకం, తర్వాత పసుపు, ఆ తర్వాత నీలం, చివర ఆకుపచ్చ. ఆకుపచ్చ గుర్తున్నా అది విషమేనని మరవొద్దు. చదవడం రాని తల్లిదండ్రులకు పిల్లలు చదివి చెప్పాల్సిన మొదటి పాఠం ఆ డబ్బా మీది కాగితమే.

మధ్యలో బడి ఆగిపోయిన పెద్దపిల్లలు ఇంట్లో ఉంటే దిగులుపడి వదిలెయ్యకండి. పద్నాలుగేళ్లు నిండినవాళ్లు ఓపెన్ స్కూల్ ద్వారా పొలం పని చేసుకుంటూనే పదో తరగతి పరీక్ష రాయవచ్చు. దగ్గర్లోని హైస్కూలు హెడ్మాస్టరుగారిని అడిగితే ఫీజు, గడువు వివరాలు చెబుతారు. ఆనాడు హరిలాల్‌కు ఇలాంటి దారి లేదు. మన పిల్లలకు ఉంది.

గాంధీగారి పొలంబడి నుంచి తీసుకోవాల్సింది పిల్లల పక్కన నిలబడి పనిచేసే ఓపిక, చెత్తను ఎరువు చేసే తెలివి, తెలియనిది తెలియదని చెప్పే ధైర్యం. వదిలెయ్యాల్సింది బడి అక్కర్లేదన్న మాట. ఈ పంటకే ఒక నలభై పేజీల నోటు పుస్తకం కొని, మొదటి పేజీలో మీ పొలం సర్వే నంబరు, విస్తీర్ణం పిల్లల చేత రాయించండి. పంట ఇంటికొచ్చిన రోజున కుటుంబమంతా కూర్చుని ఆ పుస్తకం మొదటి నుంచి చదివించుకోండి. ఈ ఏడు ఎక్కడ పోయిందో, వచ్చే ఏడు ఎక్కడ నిలబెట్టుకోవాలో మీ బిడ్డ గొంతులోనే మీకు వినిపిస్తుంది.